నలభై ఇళ్ల చొక్కా

భార్య చెప్పిన పనిని చెయ్యకుండానే చేసినట్టు కనబడటం ఒక కళ. మా సుజాక్ చుట్టుపక్కల ఆ కళలో ఓముర్జాక్‌ను, అంటే నన్ను, మించినవాడు లేడని కిందటి వసంతం దాకా నాకు గట్టి నమ్మకం. ఇప్పుడా నమ్మకం లేదు. టీ పొయ్యండి, చెబుతాను.

మా ఆవిడ పేరు సోనున్. మా భాషలో 'అద్భుతం' అని అర్థం. పెళ్లికి ముందు ఆ పేరు వింటే నా గుండె ఝల్లుమనేది. ముప్పై నాలుగేళ్ల తరవాత ఇప్పటికీ ఝల్లుమంటుంది. కారణం మాత్రం మారింది.

మా ఊళ్లో మందుల్లేని పత్తి సంఘానికి సోనునే పెద్ద. పురుగుమందు, రసాయన ఎరువు, ఏరేముందు ఆకు రాల్చే మందు, ఏదీ చల్లకుండా పత్తి పండించే ఇళ్లు మాది కాక నలభై. ఆ పత్తిలో కొంత మిల్లుకిచ్చి గుడ్డగా వెనక్కి తెచ్చుకుంటారు. ఉల్లితొక్కో అక్రోటు తొక్కో ఉడికించి దానికి రంగేసుకుంటారు. ఇంటిల్లిపాదీ అదే తొడుక్కుంటారు.

నేనా? సోవియట్ రోజుల్లో ఉమ్మడి క్షేత్రంలో ఆరేళ్లు మందు కొట్టే ట్రాక్టరు నడిపినవాణ్ణి. ఆకు మీద పురుగు కనిపిస్తే ఇప్పటికీ నా కాలు బ్రేకు కోసం వెతుక్కుంటుంది.

"ఒంటి మీద పడ్డాక ఏ పత్తైతే ఏమిటే?" అన్నాను ఓ రోజు. "బజారు చొక్కా చూడు, నిగనిగలాడుతూ ఉంటుంది. నీ సంఘం చొక్కా తొడుక్కుంటే నేను పిండిబస్తాలా ఉన్నాను."

"పిండిబస్తాకి ఏ చొక్కా తొడిగినా అలాగే ఉంటుంది," అంది సోనున్.

"అది కాదే. రెండూ పత్తే కదా అంటున్నా!"

"తొడుక్కునేవాడికి రెండూ ఒకటే కావచ్చు, ఏరేవాళ్లకి ఒకటి కాదు. నాకు పద్నాలుగేళ్లప్పుడు మా తరగతి మొత్తం పొలంలో పత్తి ఏరుతుంటే, మా నెత్తి మీదుగానే విమానం మందు చల్లుకుంటూ పోయింది. నెల్లాళ్లు చేతులనిండా బొబ్బలు. మా అమ్మే రొట్టె తుంచి నోట్లో పెట్టేది. ఇంకొకళ్ల పిల్ల చేతులకి బొబ్బలెక్కించిన గుడ్డ నా ఇంట్లో వద్దు. అంతే."

ఆ సంగతి వచ్చినప్పుడల్లా నేను టోపీ తీసుకుని వాకిట్లోకి వెళ్లిపోతాను. విమానం నాది కాకపోయినా, అదే మందు ట్రాక్టరుతో కొట్టినవాణ్ణి కదా.

అయితే ఆ వసంతంలో సంఘానికో చిక్కు వచ్చిపడింది. ఎవరూ దొంగచాటుగా మందు కొట్టకుండా ఇల్లిల్లూ పొలంపొలం తిరిగి చూసి, రిజిస్టరు రాసే తనిఖీ మనిషి ఒకడు ఉండాలి. ఉన్నవాడు రష్యాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. విత్తేలోగా కొత్తవాడు దొరక్కపోతే పైవాళ్లు ధ్రువపత్రం ఇవ్వరు. అది రాకపోతే ఆ ఏడాది నలభై ఒక్క ఇళ్ల పత్తీ మామూలు పత్తే. ఆరేళ్లుగా సోనున్ పడ్డ పాటంతా గంగలో కలిసినట్టే.

"నువ్వు చెయ్యి," అంది నాతో. "మందు వాసన మైలు దూరం నుంచి పసిగడతావు. నీకన్నా తగినవాడు ఎవడున్నాడు?"

"నాకు మోకాళ్ల నొప్పులు."

మళ్లీ అడిగింది. నడుం నొప్పి అన్నాను. మూడోసారి అడిగింది. రెండూ కలిపి చెప్పాను. ఇక అడగలేదు. అడగడం మానేసిన ఆడదాన్ని చూసి భయపడాలని నాకు అప్పుడు తట్టలేదు చూడండి, అదీ నా తెలివి.

ఇంతలో మాకు మనవడి నలభయ్యో రోజు దగ్గరపడింది. పేరు ఎల్దియార్. గుమ్మడిపండంత ఉంటాడు. నలభయ్యో రోజున బిడ్డకి నలభై చెంచాల నీళ్లతో స్నానం చేయించి, నలభై ఇళ్ల నుంచి అడిగి తెచ్చిన గుడ్డముక్కలతో కుట్టిన చొక్కా తొడగాలి. నలభై ఇళ్ల ఆయుష్షు ఆ ఒక్క చొక్కాలోకి వస్తుందని మా పెద్దల మాట.

"ముక్కలన్నీ సంఘం ఇళ్లవే కావాలి," అంది సోనున్. "కట్టి విడిచిన బట్టల్లోంచే కావాలి. తెచ్చేది నువ్వే."

"అది ఆడవాళ్ల పని కదే!"

"ఆడవాళ్లందరం విత్తనాలు ఏరుకుంటున్నాం. నీకేం పనుంది?"

ఆలోచించాను. నిజంగానే ఏమీ గుర్తుకు రాలేదు.

బయల్దేరాను. మొదటి ఇల్లు ఆయ్‌బూబూ అపాది; మాకు అపా అంటే అక్కగారు. ఊళ్లో పిల్లి ఈనినా ముందు ఆవిడకే తెలుస్తుంది కాబట్టి ఆరాల ఆయ్‌బూబూ అంటాం. ముక్క కోసం వచ్చినవాణ్ణి ఖాళీ నోటితో పంపితే బిడ్డకి మంచిది కాదట. టీ, రొట్టె, నేరేటిపండు జామ్, పిండి ముక్కలు నూనెలో వేయించిన వేడి వేడి బోర్సోక్‌లు. తిన్నాక ముక్క ఇచ్చింది. రెండో ఇంట్లో మళ్లీ టీ, పైన మాంసం పులావు. "చాలమ్మా" అంటే "బిడ్డ మీద నీకు ప్రేమ లేదా?" అన్నారు. ప్రేమ కొద్దీ తిన్నాను. మూడో ఇంట్లో నూడుల్స్ పెట్టారు. అక్కడ లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.

వీధిలో నిలబడి లెక్క వేసుకున్నాను. ముక్కలు మూడు. ఇంకా ముప్పై ఏడు పులావులు ఉన్నాయి. నలభయ్యో రోజుకి బిడ్డకి చొక్కా తొడుగుతారో, తాతకి గుడ్డ కప్పుతారో తెలియని పరిస్థితి.

అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. సంఘం గుడ్డంతా ఒకే మిల్లుది. ఒకే గుడ్డని నలభై ఇళ్లలో అడుక్కోవడం ఏం తెలివి? బజార్లో అలాంటి గుడ్డే ఒక్కచోట కొని ముప్పై ఏడు ముక్కలు చేస్తే సరి. మనవడికి తెలుస్తుందా? వాడికి ఇంకా వాళ్లమ్మే సరిగ్గా తెలీదు.

నేరుగా మూరల మీర్జా కొట్టుకి వెళ్లాను. మీర్జా చెయ్యి కాస్త పొట్టి. తన చేత్తోనే మూరలు కొలుస్తాడు, అందుకే బాగుపడ్డాడు.

"ఓముర్జాక్ అకా, ఇది సోనున్ అపాకి తెలిస్తే?" అన్నాడు గుడ్డ చింపుతూ.

"ఎలా తెలుస్తుందోయ్? ఇదీ పత్తే, అదీ పత్తే."

"పత్తే. ఏ పొలంలో పెరిగిందో, దాని మీద ఏం కొట్టారో నేనడగను, అది చెప్పదు."

ఇంటికొచ్చి, సోనున్ విత్తనాలు ఏరడానికి వెళ్లిన సమయం చూసి కొట్టంలో పని మొదలుపెట్టాను. ఇంటికో రంగు ఉండాలి కదా! ఒక గిన్నెలో ఉల్లితొక్క, ఒక దాంట్లో నల్ల టీ, మరోదాంట్లో బీట్‌రూట్, పెద్ద బాండీలో అక్రోటు తొక్క పెట్టి ఉడికించాను. ఆ బాండీ మా ఇంట్లో పెళ్లిళ్లకి పులావు వండేది. తరవాత కడుగుదాంలే అనుకున్నాను.

మొదట ఉల్లితొక్క గిన్నె ఆవు తాగేసింది. రెండోసారి ఉడికించాను. ఈలోగా ఆరేసిన ముక్కల్లో ఐదింటిని మేక నమిలి మింగింది. మేక నోట్లో చెయ్యి పెట్టి ఒకటి లాగాను గానీ, ఆ ముక్క ఏ ఇంటిదని చెప్పినా ఆ ఇంటివాళ్లకి అవమానం. చేసేది లేక నా చలికోటు లోపలి అస్తరు కత్తిరించి ఐదు ముక్కలు పూర్తి చేశాను. అది నిగనిగలాడే నైలాను. కాస్త బూడిద రుద్దితే బాగానే కుదిరింది.

అంతా అయ్యాక చేతులు కడుక్కుందామని చూసుకుంటే రెండూ నల్లగా ఉన్నాయి. అక్రోటు తొక్క రంగు గుడ్డకి పట్టాలంటే గంట పడుతుంది. చేతికి పట్టాలంటే నిమిషం చాలు. వదలాలంటే మాత్రం నెల కావాలి. సబ్బు రాశాను, ఇసుక రాశాను, చివరికి కిరసనాయిలు రాశాను. మోచేతుల దాకా తారు డబ్బాలో ముంచి తీసినట్టే ఉన్నాయి. ఉన్ని చేతితొడుగులు తొడుక్కున్నాను.

"ఆ చేతులకి ఏమొచ్చింది?" అంది సోనున్ ఇంటికి రాగానే.

"కీళ్ల నొప్పులు. వెచ్చగా ఉంచుకోమన్నాడు."

"ఎవరు?"

"మీర్జా."

"వాడు గుడ్డలు అమ్ముకునేవాడయ్యా!"

"అతనికీ కీళ్ల నొప్పులేలే."

సోనున్ పరుపు మీద ముక్కలన్నీ పరిచి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంది. "ఇదెవరింటిది?"

"ఆయ్‌బూబూ అపాది." ఇది నిజం కాబట్టి గొంతు ఖంగుమంది.

"ఇది?"

"అదీ... సైరా అపా వాళ్లది."

"సైరా అపా పోయి ఏడాది అయింది కదా?"

"ఆ, పోయేముందు తీసి ఉంచిందట. ఎంత ముందుచూపో చూడు!"

"నిజమే పాపం," అంది సోనున్. "మనవడు పుడతాడని కోడలికే తెలియకముందే ఆవిడకి తెలిసిందన్నమాట. ఇది?"

అది నా కోటు అస్తరు. "రైసా వాళ్లది. వాళ్లాయన కోటుకి వేసుకున్నాడట."

"సంఘం గుడ్డ ఇంత నిగనిగలాడటం నేనెప్పుడూ చూళ్లేదు."

"మంచి నేల వాళ్లది."

సోనున్ ఆ ముక్కని కళ్లకి దగ్గరగా పెట్టి చూసింది. తరవాత ముక్కుకి దగ్గరగా పెట్టింది. ఆఖరికి అన్నీ దొంతి పెట్టి, "నలభై ఇళ్లు తిరిగావు పాపం. కాళ్లు లాగుతుంటాయి, పడుకో," అంది. అన్నం తినేటప్పుడు చెంచా కూడా నాకు తనే అందించింది. ముప్పై నాలుగేళ్లలో అంత మెత్తగా మాట్లాడటం చూళ్లేదు. గెలిచాననుకున్నాను. ఎంత పిచ్చివాణ్ణో!

నలభయ్యో రోజు పొద్దున్నే కొత్త టోపీ పెట్టుకుని వాకిట్లోకి వచ్చాను. చూద్దును కదా, వీధి వీధంతా ఆడవాళ్లు. ముందు ఆరాల ఆయ్‌బూబూ, వెనకాల సంఘం నలభై ఇళ్ల ఆడంగులూ.

"వీళ్లందర్నీ ఎందుకు పిలిచావే?" అన్నాను సోనున్ చెవిలో.

"ముక్క ఇచ్చినవాళ్లు చొక్కా చూసుకోవద్దూ? ఎవరి ముక్క ఎక్కడ కుట్టానో వెతుక్కోవడం వాళ్ల సరదా."

ముప్పై ఏడు మంది వెతుకుతారు. ముప్పై ఏడు మందికీ దొరకదు. సైరా అపా తప్ప అందరూ నోరున్నవాళ్లే.

"ఇవ్వాళ చలిగా ఉంది, పిల్లాణ్ణి దుప్పట్లోంచి తియ్యకండి," అన్నాను. ఎండ మండిపోతోంది. "చొక్కా రేపు తొడుగుదాం," అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. ఇక లాభం లేదని కొట్టంలోకి జారుకుని మేక వెనకాల నక్కాను. ఐదు నిమిషాలైనా కాలేదు, మా కోడలు మీరిమ్ వచ్చింది.

"అతా, మిమ్మల్ని పిలుస్తున్నారు."

"నేను లేనని చెప్పమ్మా."

"మేక వెనక ఉన్నారని అత్తయ్యే చెప్పింది, అతా."

లోపలికి వెళ్లేసరికి స్నానం అయిపోయింది. సోనున్ చొక్కా తీసి బిడ్డకి తొడుగుతోంది. ఆడవాళ్లందరూ మీద పడ్డారు. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"ఇదిగో, మా ఆయన పెళ్లినాటి చొక్కా చెయ్యి!" అని ఒక అరుపు. "నాది! మా అత్తగారి గౌను అంచు!" అని ఇంకోటి. "అమ్మయ్యో, మా సైరా అత్త తలగుడ్డ, ఆవిడ మెడ దగ్గరే కుట్టావే సోనున్!" అని సైరా అపా కోడలు కళ్లొత్తుకుంది.

కళ్లు తెరిచాను. చొక్కా మీద పసుపు, ఊదా, బూడిద రంగు, దానిమ్మ తొక్క రంగు. నా అస్తరు లేదు. నా బీట్‌రూట్ లేదు. నేను తెచ్చినవాటిలో మొదటి మూడు ముక్కలు తప్ప నావేవీ లేవు. ప్రతి ఆడదానికీ తన ముక్క దొరికింది. గుమ్మడిపండంత ఎల్దియార్ ఆ చొక్కాలో కాళ్లూ చేతులూ ఆడిస్తూ బోసినవ్వు నవ్వుతుంటే, ఊరంతా కలిసి వాణ్ణి ఎత్తుకున్నట్టుంది. నాకు కళ్లు చెమర్చాయి. భయమే సగం, సంతోషం సగం.

అప్పుడు ఆయ్‌బూబూ అపా గొంతెత్తింది. "తాత దీవెన చెప్పాలి. చేతులు చాపు ఓముర్జాక్."

దీవెనకి రెండు అరచేతులూ పైకి తెరిచి అందరి ముందూ చాపాలి. చేతితొడుగులతో దీవించినవాడు మా వంశంలో లేడు.

"కీళ్ల నొప్పులు..." అని గొణిగాను.

"దేవుడి ముందు కీళ్ల నొప్పులేంటి? తియ్యి!"

తీశాను. చాపాను. అక్రోటు రంగులో నిగనిగలాడుతున్న రెండు అరచేతులు. గదిలో ఒక మూల కిసుక్కుమంది. ఇంకో మూల పకపకా నవ్వు. ఆయ్‌బూబూ అపా మాత్రం నవ్వలేదు. పాపం, నవ్వు ఆపుకోవడానికి తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను నేల చీలితే బాగుండునని చూస్తుండగా సోనున్ లేచి నా పక్కన నిలబడింది.

"నవ్వకండి," అంది. "మా ఆయన్ని చూడండి. ఒకప్పుడు మందు కొట్టిన చేతులే ఇవి. ఇప్పుడు అక్రోటు తొక్కతో గుడ్డకి రంగు వెయ్యడం నేర్చుకుంటున్నాయి. మన పత్తి మీద ఈయనకి ఇంత మక్కువ పుడుతుందని నేనే అనుకోలేదు. అందుకే సంఘం తనిఖీ పని తనే చేస్తానని ముందుకొచ్చాడు."

"నేనా?" అన్నాను. ఎవరికీ వినపడలేదు. చప్పట్లు మోగుతున్నాయి.

"పద్దెనిమిది సార్లు అడిగించుకోకుండా ఒప్పుకున్నాడా?" అంది ఆయ్‌బూబూ అపా కొంగు తీసి.

"మూడే సార్లు," అంది సోనున్. "దీవించండి అపా. విత్తినప్పట్నుంచి ఏరేదాకా ఇల్లిల్లూ తిరిగే ఓపిక ఈయనకి దేవుడిస్తాడు."

నలభై జతల అరచేతులు పైకి లేచాయి. మధ్యలో నా నల్ల చేతులు అప్పటికే చాపి ఉన్నాయి. ఆయ్‌బూబూ అపా నా ఆరోగ్యం కోసం, నా మోకాళ్ల కోసం, నా నడుం కోసం పేరుపేరునా ప్రార్థించింది. "ఓమిన్!" అని తథాస్తు పలికారు అందరూ. మొహం మీదుగా చేతులు దించుకున్నారు. నేనూ దించుకున్నాను. పదిమంది 'ఓమిన్' అన్నాక వెనక్కి తగ్గినవాడు మా ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

అందరూ వెళ్లాక సోనున్‌ని నిలదీశాను. "నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు మూడో ఇంట్లోంచి లేచి బజారు వైపు తిరగగానే ఆయ్‌బూబూ అపా ఫోన్ చేసింది. మర్నాడు విత్తనాల దగ్గరికి అందరూ తలో ముక్కా తెచ్చిచ్చారు. నువ్వు కొట్టంలో రంగులు ఉడికిస్తున్నావని పొగ చూసే అనుకున్నాం. మేము అక్కడ విత్తనాలు ఏరుతూ నవ్వలేక చచ్చాం."

"మరి నా ముక్కలు?"

"వేడినీళ్లలో వేస్తే గంజంతా దిగి పాత మసిగుడ్డల్లా అయ్యాయి. తందూరు తుడుచుకుంటున్నా. నీ కోటు అస్తరు మాత్రం పొయ్యి దగ్గరికి రాగానే కరిగిపోయింది."

"అందరి ముందూ నా పరువు తీసి ఉండొచ్చు కదా. ఎందుకు పొగిడావు?"

"తిడితే నువ్వు అలిగి చాయ్‌ఖానాలో కూర్చునేవాడివి. పొగిడితే పనిచేస్తావు." తరవాత రిజిస్టరూ కలమూ తెచ్చి నా నల్ల చేతుల్లో పెట్టింది. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "నాకు ఇంకెవరి మీదా ఇంత నమ్మకం లేదు. ఆ మందు ఏంటో నీకు తెలుసు. ఆ పిల్లాడి ఒంటి మీదున్నది నలభై ఇళ్ల నమ్మకం. అది పోకుండా చూడు."

"సరే," అన్నాను. "రేపు ఎవరింటి నుంచి మొదలుపెట్టను?"

"మనింటి నుంచే. కొట్టంలో గడ్డి వెనకాల రెండు డబ్బాలు దాచావు కదా, పచ్చ మూతవి. రిపోర్టు నువ్వే రాసుకో."

మీకా డబ్బాల సంగతి చెప్పలేదు కదూ? అవసరానికి పనికొస్తాయని ఉంచుకున్నాను. కొట్టలేదు, ఒట్టు. తీసి అప్పజెప్పాను. రిజిస్టరులో మొదటి పేజీ, మొదటి వరుస: 'ఇంటి యజమాని ఓముర్జాక్. దాచిన మందు రెండు డబ్బాలు, మూత తియ్యలేదు. తప్పు కనిపెట్టినవాడు ఓముర్జాక్.' కింద రెండు చోట్లా నా సంతకమే.

ఆ ఏడాది ఎండల్లో నలభై ఒక్క పొలాలు తిరిగాను. ఒక్కచోట వాసన తేడా వస్తే ముక్కుతోనే పట్టేసి, మందు కొట్టకముందే డబ్బాని చేను గట్టు మీదే అప్పగింపజేశాను. పత్తి ఏరే కాలానికి పైనుంచి పరీక్షాధికారి వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని రిజిస్టరు మొదటి పేజీ చదివింది, మళ్లీ చదివింది. నలభై ఒక్క ఇళ్లకీ ధ్రువపత్రం మీద ముద్ర వేసింది. వాకిట్లో ఆడవాళ్లు కేకలు పెట్టారు. సోనున్ నా భుజం మీద ఒక్కటి చరిచింది, ఇప్పటికీ నొప్పే.

వెళ్తూ వెళ్తూ ఆ అధికారి సోనున్‌తో అంది: "తన తప్పు తనే మొదటి పేజీలో రాసుకున్న తనిఖీదారుణ్ణి నేనింతవరకూ చూళ్లేదమ్మా. ఇంత నిజాయితీపరుణ్ణి ఎక్కడ పట్టారు?"

"గడ్డి వెనకాల," అంది సోనున్.